పిచికారీ చేసే మనిషి: ప్రయోగ పట్టికలో లేని గడి

వ్యవసాయ విశ్వవిద్యాలయాల సస్యరక్షణ ప్రయోగాలలో కొలవకుండా వదిలే అంశాలు తక్కువ. ఆకుకు ఎన్ని పచ్చదోమలు ఉన్నవి, మందు కొట్టిన మూడవ, ఏడవ, పద్నాలుగవ రోజున వాటి సంఖ్య ఎంతకు తగ్గినది, అక్షింతల పురుగులు, సాలీళ్ళు ఎన్ని మిగిలినవి, కాయలో అవశేషం ఎంత, ఎకరాకు దిగుబడి ఎంత, పెట్టిన రూపాయికి వచ్చినది ఎంత అనే వివరాలన్నీ పట్టికలకు ఎక్కుతాయి. ఆ అంకెలను గణాంక పరీక్షకు పెట్టి, తేడా సార్థకమని తేలిన తరువాతనే సిఫారసు వెలువడుతుంది. అయితే ఆ మందును బకెట్టులో కలిపిన చేతికి, దానిని వీపున మోసి కొట్టిన దేహానికి ఎంత మందు అంటినదనే ప్రశ్నకు ఆ పట్టికలో సాధారణంగా గడి ఉండదు. పురుగుకు లెక్క ఉన్నది, మిత్రపురుగుకు లెక్క ఉన్నది, వినియోగదారునికి లెక్క ఉన్నది. పని చేసిన మనిషికి మాత్రం లెక్క లేదు.

ఈ లోటును వైద్యరంగానికి చెందిన విషయంగా భావించి పక్కన పెట్టడం వ్యవసాయ శాస్త్రవేత్తలకు అలవాటైనది. పర్యావరణ ఆరోగ్యం, వృత్తి ఆరోగ్యం అనే మాటలు వినగానే కర్మాగారాలు, గనులు, వైద్య కళాశాలలు గుర్తుకు వస్తాయి. కానీ తెలుగు నేలపై అతి పెద్ద పనిస్థలం పొలమే. అక్కడ పని ఎలా జరగాలో, ఏ మందు ఎంత మోతాదులో, ఎన్నిసార్లు, ఏ పరికరంతో వాడాలో నిర్ణయించి చెప్పేది వ్యవసాయ విశ్వవిద్యాలయం. పని పద్ధతిని నిర్దేశించే సంస్థకే ఆ పని వల్ల మనిషికి కలిగే ఫలితాన్ని కొలిచే బాధ్యత కూడా ఉన్నది.

ఆసుపత్రి లెక్కకు అందని విషప్రభావం

వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషప్రభావంతో 8,040 మంది చేరారని, వారిలో 22.6 శాతం మంది మరణించారని 2005లో ప్రచురితమైన ఒక వైద్య అధ్యయనం తెలిపినది. 2002 నాటి కేసులను వివరంగా పరిశీలించగా వారిలో 96 శాతం ఉద్దేశపూర్వకంగా మందు తీసుకున్నవారేనని తేలినది. ఆ ఏడాది ఏ మందు వల్ల మరణం సంభవించినదో తెలిసిన కేసులలో అధికభాగానికి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ కారణమయ్యాయి. ఈ అంకెలు సమాజాన్ని కలచివేసే ఒక విషాదాన్ని చూపుతాయి. వీటిని చూసి, పనిలో మందు సోకి జబ్బుపడేవారు తక్కువేనని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి వచ్చినవారిని మాత్రమే ఆసుపత్రి రికార్డు లెక్కించగలదు.

అదే 2005లో ప్రచురితమైన మరొక అధ్యయనం పొలం గట్టు నుంచి లెక్క మొదలుపెట్టినది. ఫ్రాన్సెస్కా మాన్చిని, ఆమె సహ పరిశోధకులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 3 పత్తి గ్రామాలలో 50 మంది మహిళా రైతులకు శిక్షణ ఇచ్చి, పిచికారీ జరిగిన ప్రతిసారీ తమలోను, తమ కుటుంబంలోని 47 మంది పురుషులలోను కనిపించిన లక్షణాలను సీజను పొడవునా నమోదు చేయించారు. మొత్తం 323 నమోదులలో 83.6 శాతం సందర్భాలలో స్వల్పం నుంచి తీవ్రం వరకు విషలక్షణాలు కనిపించాయి. 10 శాతం పిచికారీలలో ఆర్గానోఫాస్ఫేట్ మందుల ప్రభావాన్ని సూచించే నాడీ సంబంధమైన లక్షణాలు మూడు లేదా అంతకు మించి ఉన్నాయి. 6 శాతం సందర్భాలలో పరిస్థితి చాలా తీవ్రంగా ఉన్నప్పటికీ ఒక్కరు కూడా వైద్యుని వద్దకు వెళ్ళలేదు.

ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు విషయం స్పష్టమవుతుంది. తల తిరగడం, కళ్ళ వెంట నీరు కారడం, చేతులు వణకడం, వాంతి వచ్చినట్లు ఉండడం వంటివి పొలంలో సర్వసాధారణంగా కనిపిస్తున్నాయి. వాటిని కూలీలు 'మందు పట్టింది' అన్న మాటతో సరిపెట్టుకొని, చెట్టు నీడన కొంతసేపు పడుకొని, మజ్జిగ తాగి తిరిగి పనిలోకి దిగుతారు. జబ్బు కాదనుకున్నది ఆసుపత్రికి రాదు. ఆసుపత్రికి రానిది ప్రభుత్వ గణాంకాలలోకి రాదు. గణాంకాలలో లేనిది పరిశోధన ప్రాధాన్యాలలోకి రాదు.

మాన్చిని బృందం గుర్తించిన మరో రెండు విషయాలు విస్తరణ శాస్త్రవేత్తలకు ముఖ్యమైనవి. చిక్కని మందును నీటిలో కలపడం, ట్యాంకు నింపి అందించడం వంటి పనులు ఎక్కువగా స్త్రీలు చేస్తారు. ఆ పనులు స్వయంగా పిచికారీ చేయడమంత ప్రమాదకరమైనవేనని తేలినది. భూస్వాముల కంటే తక్కువ ఆదాయం గల సన్నకారు రైతులే తీవ్ర విషప్రభావానికి ఎక్కువసార్లు గురయ్యారు. అంటే 'పిచికారీ చేసేవారు' అనే మాటతో పురుషులను మాత్రమే ఉద్దేశించే శిక్షణ కార్యక్రమం ప్రమాదంలో ఉన్నవారిలో ఒక పెద్ద భాగాన్ని ముందుగానే వదిలివేస్తున్నది.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తిపై మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పెన్‌గంగకు ఆవలి ఒడ్డు యవత్‌మాల్, ఈవలి ఒడ్డు ఆదిలాబాద్. నేల ఒకటే, పంట ఒకటే, దుకాణాలలో దొరికే మందులూ దాదాపు అవే. ఆ ఏడాది పత్తి మొక్కలు మామూలు కంటే ఎత్తుగా పెరగడం కూడా ప్రమాదానికి దోహదం చేసిందని అప్పటి నివేదికలు పేర్కొన్నాయి. మొక్క ఎత్తు అనేది సస్య విజ్ఞాన ప్రయోగాలలో ప్రతి నెలా కొలిచే అంశమే. అది మనిషి ఆరోగ్యానికి సంబంధించిన కొలత కూడా అని గుర్తించడానికి అన్ని మరణాలు అవసరమయ్యాయి.

చట్టం చెప్పినది, లేబులు చెప్పనిది

1968 నాటి పురుగుమందుల చట్టం, దాని కింద 1971లో వచ్చిన నిబంధనలు పనివారి భద్రతను మరువలేదు. మందుల తయారీలోను, పిచికారీలోను పనిచేసేవారికి పనిలో చేరే ముందు, ఆ తరువాత నిర్ణీత వ్యవధులలో వైద్య పరీక్షలు జరగాలని, వారి వివరాలను రిజిస్టరులో నమోదు చేయాలని, రక్షణ దుస్తులు ఇవ్వాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. కర్మాగారంలో ఇది కొంతవరకు అమలవుతుంది. అక్కడ యజమాని ఎవరో, కార్మికుడు ఎవరో స్పష్టం. ఈ రోజు ఒకరి చేలో, రేపు మరొకరి చేలో, ట్యాంకు లెక్కన కూలి తీసుకొని పనిచేసే మనిషికి రిజిస్టరు ఎవరు పెట్టాలి? తన రెండెకరాలకు తానే మందు కొట్టుకునే కౌలు రైతుకు యజమాని ఎవరు? ఈ ప్రశ్నలకు నిబంధనలలో సమాధానం దొరకదు.

లేబులుపై ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు మందు విషస్వభావాన్ని తెలుపుతాయి. ప్రయోగశాల జంతువులపై నిర్ణయించిన మారక మోతాదు వాటికి ఆధారం. ఇది అవసరమైన సమాచారమే. అయితే ప్రమాదం మందు స్వభావంపై మాత్రమే ఆధారపడదు. అది ఎంతసేపు, ఎంత మేర, శరీరంలోని ఏ భాగానికి తగిలినదనే దానిపై కూడా ఆధారపడుతుంది. నీలం గుర్తు ఉన్న మందును తడిసిన చొక్కాతో ఆరు గంటలు మోసిన మనిషికి, పసుపు గుర్తు ఉన్న మందును అరగంట జాగ్రత్తగా కొట్టిన మనిషికి మధ్య ప్రమాదం ఎవరికి ఎక్కువో త్రికోణం చెప్పదు. దానిని పొలంలోనే కొలవాలి.

కోతకు ముందు పాటించవలసిన నిరీక్షణ కాలాన్ని విశ్వవిద్యాలయాలు శ్రద్ధగా నిర్ణయిస్తున్నాయి. ఎగుమతి మిరపలో అవశేషాలు మితి దాటితే సరుకు తిరిగి వస్తుంది కనుక ఆ శ్రద్ధకు ఆర్థిక కారణం కూడా ఉన్నది. ఆ కాలపరిమితి తినేవారిని కాపాడటానికి ఉద్దేశించినది. మందు కొట్టిన చేలోకి కలుపు తీయడానికి, కాయలు ఏరడానికి కూలీలు ఎన్ని గంటల తరువాత అడుగుపెట్టవచ్చుననేది వేరే ప్రశ్న. అమెరికాలో ఈ పునఃప్రవేశ వ్యవధిని ప్రతి మందు లేబులుపై స్పష్టంగా ముద్రిస్తారు. మన వాతావరణంలో, మన పంటలలో, చేతితో ఆకులను తోసుకుంటూ చేసే మన పనులలో ఆ వ్యవధి ఎంత ఉండాలో స్థానిక పరిశోధనే తేల్చాలి. అవశేషాల విశ్లేషణ ప్రయోగశాలలు ఉన్న విశ్వవిద్యాలయాలకు ఇది అసాధ్యమైన పని కాదు.

సాగు పద్ధతే ప్రమాద స్థాయిని నిర్ణయిస్తుంది

మనిషికి మందు ఎంత సోకుతుందనేది అతని అజాగ్రత్త వల్లనే నిర్ణయమవుతుందనే అభిప్రాయం బలంగా ఉన్నది. వాస్తవంలో అందులో పెద్ద భాగం విత్తనం వేసిన రోజునే నిర్ణయమైపోతుంది. వరుసల మధ్య దూరం, మొక్క ఎత్తు, కొమ్మల తీరు, రకం తట్టుకునే శక్తి, విత్తిన తేదీ, నత్రజని మోతాదు వంటివి ఎన్నిసార్లు మందు కొట్టాలో, మనిషి ఆకుల మధ్య ఎలా నడవాలో నిర్ణయిస్తాయి. ఇవన్నీ సస్య విజ్ఞాన నిర్ణయాలు.

వరిలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలాలనే సిఫారసు అందరికీ తెలిసినదే. గాలి, వెలుతురు ప్రసరించి సుడిదోమ ఉధృతి తగ్గడం దాని ఉద్దేశం. అదే బాట మందు కొట్టే మనిషి తడిసిన పైరును ఒరుసుకోకుండా నడవడానికి కూడా ఉపయోగపడగలదు. ఆ రెండవ ప్రయోజనాన్ని కొలిచి చెప్పినట్లయితే, బాటలు వదలడానికి వెనుకాడే రైతుకు మరొక కారణం దొరికేది. పత్తిలో అధిక సాంద్రత సాగు, మెపిక్వాట్ క్లోరైడ్‌తో మొక్క ఎత్తును అదుపు చేయడం వంటి ప్రయోగాలలో కాయల సంఖ్య, కాయ బరువు, దిగుబడి కొలుస్తున్నారు. పిచికారీ తుంపర నడుము దగ్గర ఆగుతున్నదా, ముఖం దాకా వస్తున్నదా అనేది కూడా అదే మడిలో చూడదగిన విషయం. వరుసలు దగ్గరైనందువల్ల కాళ్ళకు, తొడలకు తగిలే మందు పెరిగిందా, మొక్క పొట్టిదైనందువల్ల ముఖానికి తగిలేది తగ్గిందా అనే రెండు ప్రశ్నలకూ సమాధానం అక్కడే ఉన్నది.

ఒక మంచి సాంకేతికతలో మనిషి లెక్క తప్పిపోవడానికి పత్తి కాండానికి మందు పూసే పద్ధతి చక్కని ఉదాహరణ. మోనోక్రోటోఫాస్‌ను 1:4 నిష్పత్తిలో, ఇమిడాక్లోప్రిడ్‌ను 1:20 నిష్పత్తిలో నీటితో కలిపి, విత్తిన 20, 40, 60 రోజులకు లేత కాండానికి కుంచెతో పూయాలనే సిఫారసు రసం పీల్చే పురుగులను అదుపు చేసినది, మందు ఖర్చును తగ్గించినది, మిత్రపురుగులను కాపాడినది. పర్యావరణ దృష్టితో చూస్తే పిచికారీ కంటే ఎంతో మేలైన పద్ధతి ఇది. కానీ ఆ పని చేసేది వేలాది మొక్కల వద్ద వంగి, ఒక చేత కాండం పట్టుకొని, మరో చేత కుంచె పట్టుకున్న కూలి స్త్రీ. ఆమె చేతిలోని డబ్బాలో ఉన్నది పిచికారీ ద్రావణం కంటే ఎన్నో రెట్లు చిక్కని మందు. పొలానికి, పురుగుకు, పర్యావరణానికి మేలు చేసిన పద్ధతి ఆ చేతికి ఏమి చేసిందనే ప్రశ్న సిఫారసుతో పాటే ప్రయాణించవలసి ఉండినది. చేతి తొడుగు, పొడవాటి పిడి గల కుంచె, తక్కువ విషస్వభావం గల మందు అనే మూడు మార్పులు ఆ ప్రశ్నలోనే పుట్టి ఉండేవి.

ఇప్పుడు డ్రోన్ల వంతు. చేతి పంపుతో ఎకరాకు 200 లీటర్ల నీరు వాడితే 16 లీటర్ల ట్యాంకును 12 లేదా 13 సార్లు నింపాలి. అన్నిసార్లూ మందు కొలిచి పోయాలి. డ్రోన్‌తో ఎకరాకు సుమారు 10 లీటర్లే సరిపోతాయి. మనిషి తుంపరలోకి నడవనవసరం లేదు. ఇది నిస్సందేహంగా పెద్ద మేలు. అయితే ఎకరాకు మందు మోతాదు మారకుండా నీరు 20వ వంతుకు తగ్గినప్పుడు ద్రావణం 20 రెట్లు చిక్కనవుతుంది. ప్రమాదం మోసే మనిషి నుంచి కలిపే మనిషికి, పక్క చేలో పనిచేసేవారికి మారుతుంది. మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు అందుతున్న ఈ దశలో కలిపే చోట జరిగే స్పర్శను, గాలికి పక్కకు కొట్టుకుపోయే తుంపరను కొలవకుండా 'సురక్షితం' అనే ముద్ర వేయడం తొందరపాటు. ఆకుపై చుక్కలు ఎలా పడుతున్నవో చూడటానికి, నీరు తగిలితే రంగు మారే కాగితాలను శాస్త్రవేత్తలు మొక్కలకు తగిలిస్తున్నారు. అదే కాగితాన్ని డ్రోన్ నడిపే మనిషి చొక్కాకు, మందు కలిపేవారి ముంజేతికి, పక్క గట్టుపై నాటిన కర్రకు తగిలించడానికి అదనపు ఖర్చు దాదాపు లేదు.

సలహా ఎక్కడ మొదలవుతున్నది

వృత్తి ఆరోగ్య శాస్త్రంలో నివారణ చర్యలకు ఒక క్రమం ఉన్నది. ప్రమాదాన్ని పూర్తిగా తొలగించడం మొదటిది. దాని స్థానంలో తక్కువ ప్రమాదకరమైన దానిని వాడటం రెండవది. పరికరాన్ని, పనిస్థలాన్ని మార్చడం మూడవది. పని వేళలను, పద్ధతులను మార్చడం నాలుగవది. రక్షణ దుస్తులు అన్నిటికంటే చివరివి, అన్నిటికంటే బలహీనమైనవి. విస్తరణ సలహాలో ఈ క్రమం తరచుగా తలకిందులవుతున్నది. మందు పేరు, మోతాదు చెప్పిన తరువాత 'చేతి తొడుగులు, ముఖానికి మాస్కు, కళ్ళద్దాలు ధరించాలి' అనే వాక్యంతో ముగుస్తున్నది. భద్రత అనేది చివరి వాక్యంగా, అది కూడా బలహీనమైన మెట్టుగా మిగిలిపోతున్నది.

ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఉక్కపోతలో, 16 లీటర్ల బరువు వీపున మోస్తూ, దున్నిన నేలలో నడిచే మనిషి రబ్బరు కోటు ఎంతసేపు భరించగలడో ఆలోచించవలసి ఉన్నది. గాలి ఆడని దుస్తులు మందును ఆపుతాయి, చెమట ఆరకుండా కూడా ఆపుతాయి. వేడి ఒత్తిడి ఒక ప్రత్యేక వృత్తి ప్రమాదం. రైతు ఆ దుస్తులు ధరించకపోవడాన్ని అవగాహన లోపంగా చూడటం న్యాయం కాదు. ధరించలేని దుస్తులను సిఫారసు చేయడం పరిశోధన లోపం. ముఖానికి చుట్టుకునే తువ్వాలు కూడా మందుతో తడిసిన తరువాత ముక్కుకు, నోటికి దగ్గరగా ఉంచిన మందుగుడ్డగా మారుతుంది. మన ఎండకు తగిన బట్టను ఎన్నుకొని, అది ఎంత మందును ఆపుతుందో, ఎంత వేడిని నిలుపుతుందో కలిపి పరీక్షించడానికి గృహ విజ్ఞాన, వ్యవసాయ ఇంజనీరింగ్ విభాగాలకు సామర్థ్యం ఉన్నది. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ సమన్వయంతో సాగే వ్యవసాయ శ్రమ, భద్రతల అఖిల భారత పథకం పనిముట్ల విషయంలో చూపిన మార్గం ఇక్కడ కూడా అనుసరణీయం.

మొదటి మెట్టు, అంటే మందు అవసరాన్నే తొలగించడం, తెలుగు రైతులకు కొత్త కాదు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2000 దశకం ఆరంభంలోనే పురుగుమందులు లేని సేద్యానికి మళ్ళి దేశం దృష్టిని ఆకర్షించినది. వేరొక మార్గంలో, బీటీ పత్తి వల్ల పిచికారీలు తగ్గినప్పుడు రైతులలో విషప్రభావ కేసులు కూడా తగ్గాయని గాటింగెన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు షహజాద్ కౌసర్, మాటిన్ ఖైమ్ 2011లో చూపారు. వారి పరిశీలనలో అప్పటి ఆంధ్రప్రదేశ్ రైతులు కూడా ఉన్నారు. ఈ రెండు మార్గాలపై శాస్త్రవేత్తలలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. గులాబీరంగు పురుగు తిరిగి విజృంభించిన తరువాత రెండవ ఉదాహరణ లెక్క మారి ఉండవచ్చు కూడా. కానీ ఏ సాగు విధానం మేలైనదనే చర్చలో దిగుబడి, ఖర్చు పక్కన మనిషి ఆరోగ్యాన్ని ఒక అంకెగా నిలబెట్టినప్పుడు చర్చ స్వరూపమే మారుతుందని ఇవి రుజువు చేస్తున్నాయి. ఆ అంకెను అందించినది ఆర్థికవేత్తలు కావడం సస్య శాస్త్రవేత్తలు గమనించవలసిన విషయం.

ముందుగా కొలిచి ఉంచడం ఎందుకు

అమెరికాలో 1993లో మొదలైన వ్యవసాయ ఆరోగ్య అధ్యయనం అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాలలో మందు వాడేవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి సుమారు 89,000 మందిని దశాబ్దాలుగా అనుసరిస్తున్నది. జబ్బు రాకముందే ఎవరు ఏ మందు ఎన్నాళ్ళు వాడారో నమోదు చేసి ఉంచినందువల్లనే తరువాత వచ్చిన జబ్బులతో దానిని పోల్చగలిగారు. కాలిఫోర్నియాలో 1974 నుంచి ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులతో పనిచేసేవారి రక్తంలో కోలినెస్టరేజ్ ఎంజైమును పరీక్షిస్తున్నారు. ఈ ఎంజైము స్థాయి మనిషికీ మనిషికీ సహజంగానే చాలా తేడాగా ఉంటుంది. అందువల్ల సీజనుకు ముందు ప్రతి వ్యక్తికీ మూలస్థాయి కొలుస్తారు. అది మూలస్థాయిలో 80 శాతానికి పడిపోతే పని పద్ధతులను తనిఖీ చేస్తారు. ఎర్ర రక్తకణాలలో 70 శాతానికి, ప్లాస్మాలో 60 శాతానికి దిగితే, తిరిగి 80 శాతానికి చేరేదాకా ఆ మనిషిని మందు పనికి దూరంగా ఉంచుతారు. లక్షణాలు కనిపించక ముందే హెచ్చరించే పద్ధతి ఇది.

ముందుగా కొలిచి ఉంచకపోతే ఏమవుతుందో తెలియడానికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చాలు. కొబ్బరి, జీడిమామిడి తోటల ఆ ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి విస్తృతంగా కనిపించిన తరువాత నీరు, నేల, ఎండలో శ్రమ, వ్యవసాయ రసాయనాలు వంటి కారణాలన్నిటిపైనా అన్వేషణ సాగినది. వ్యాధి ప్రబలిన తరువాత వెనక్కు తిరిగి, పాతికేళ్ళ కిందట ఎవరు ఏ పని చేశారో, ఎంత నీరు తాగారో, ఏ మందు వాడారో తెలుసుకోవడం ఎంత కష్టమో ఆ అన్వేషణ చెబుతున్నది. ఉద్దానం వ్యాధికి పురుగుమందులే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. కాదని తేల్చి చెప్పడానికి కావలసిన పాత రికార్డూ లేదు. ఆ రికార్డును రేపటి కోసం ఈ రోజే తయారు చేయవలసి ఉన్నది.

వచ్చే అభ్యంతరాలు

వ్యవసాయ శాస్త్రవేత్తలు వైద్యులు కారనేది మొదటి అభ్యంతరం. నిజమే, రోగ నిర్ధారణ, రక్త పరీక్ష వైద్యుల పనే. కానీ చర్మానికి, దుస్తులకు ఎంత మందు చేరిందో కొలవడం రోగ నిర్ధారణ కాదు, అవశేష విశ్లేషణ. దేహంపై నిర్ణీత స్థానాలలో చిన్న శోషక పట్టీలు అతికించి, పని ముగిశాక వాటిలోని మందును విశ్లేషించే పద్ధతిని డర్హమ్, వుల్ఫ్ 1962లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వివరించారు. కాయలోని మందును కొలిచే యంత్రమే పట్టీలోని మందును కూడా కొలుస్తుంది.

సిఫారసును తు.చ. తప్పక పాటిస్తే ప్రమాదం లేదనేది రెండవ అభ్యంతరం. దీనిని ఒప్పుకుంటే, సిఫారసును ఎంతమంది పాటించగలరో కూడా పరీక్షించవలసి వస్తుంది. ఒక రకం పరిశోధన కేంద్రంలో దిగుబడి ఇచ్చినంత మాత్రాన విడుదల కాదు. రైతు పొలంలో చిరుసంచుల ప్రదర్శనలో కూడా నెగ్గాలి. భద్రతా సిఫారసుకు అదే పరీక్ష ఎందుకు ఉండకూడదు?

ఖర్చు, సమయం చాలవనేది మూడవది. ప్రతి ప్రయోగంలోను రక్త పరీక్షలు చేయనవసరం లేదు. ట్యాంకులు ఎన్ని, కలిపినది ఎవరు, పని ఎంతసేపు, దుస్తులు ఎక్కడ తడిశాయి, సాయంత్రానికి ఏ లక్షణాలు కనిపించాయి అనే ఐదు ప్రశ్నలకు ఒక కాగితం చాలు.

చేయదగిన పనులు

మొదటిది, సస్యరక్షణ, సస్య విజ్ఞాన ప్రయోగాల పరిశీలన పట్టికలో మనిషికి మందు సోకిన తీరును తప్పనిసరి అంశంగా చేర్చాలి. కొత్త మందును గానీ, కొత్త పిచికారీ పద్ధతిని గానీ సిఫారసు చేసే ముందు ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశంలో ఆ అంకె చూపాలి. సమాన ఫలితం ఇచ్చే రెండు పద్ధతులలో మనిషికి తక్కువ సోకే దానికి ప్రాధాన్యం ఇవ్వాలి.

రెండవది, వ్యవసాయ పంచాంగంలో ప్రతి మందు పక్కన మోతాదుతో పాటు త్రికోణం రంగు, చేలోకి తిరిగి ప్రవేశించదగిన వ్యవధి, విషలక్షణాలు, వైద్యునికి చూపవలసిన రసాయన వర్గం పేరు ముద్రించాలి. ఖాళీ డబ్బాను ఆసుపత్రికి వెంట తీసుకుపోవాలనే ఒక్క సలహా చికిత్సలో విలువైన సమయాన్ని కాపాడుతుంది.

మూడవది, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో చివరి సంవత్సరం విద్యార్థులు ఒక సీజను పల్లెలలో గడుపుతారు. ప్రతి విద్యార్థి తన ఆతిథేయ రైతు కుటుంబంలోను, అక్కడ పనిచేసే కూలీలలోను పిచికారీ దినాల లక్షణాలను వారి అంగీకారంతో నమోదు చేస్తే, ఏటా ఒకే నమూనాలో సేకరించిన సమాచారం విశ్వవిద్యాలయానికి చేరుతుంది. మాన్చిని బృందం 50 మంది మహిళలతో చేసినది ఇక్కడ కొన్ని వందల పల్లెలలో జరగగలదు.

నాలుగవది, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును మామూలు నీటిలో కలిపి పిచికారీ చేయించి, ఆ తరువాత చీకటి గదిలో దుస్తులపై, చేతులపై, మెడపై అది ఎక్కడెక్కడ పడిందో చూపే పద్ధతిని శిక్షణలో ప్రవేశపెట్టాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ఫెన్‌స్కే ఈ పద్ధతిని పరిశోధనలో అభివృద్ధి చేశారు. ఏరువాక కేంద్రాలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు ఇది ఎంతో అనువైనది. ఈ శిక్షణకు మందు కలిపే స్త్రీలను తప్పక పిలవాలి.

ఐదవది, రక్త పరీక్షలు అవసరమైన అధ్యయనాలను సమీప వైద్య కళాశాలతో కలిసి, నైతిక సంఘం అనుమతితోనే చేయాలి. పరిశోధన కోసం ఎవరినీ మందుకు గురిచేయకూడదు. వారు ఎలాగూ చేస్తున్న పనిని మాత్రమే గమనించాలి. జబ్బు లక్షణం కనిపించిన క్షణాన నమోదు ఆపి చికిత్సకు పంపాలి. కూలి నష్టపోకుండా చూడాలి. పేర్లు గోప్యంగా ఉంచాలి.

పరిశోధన కేంద్రాల మడులలో కూడా మందు కొట్టేది రోజు కూలికి వచ్చే పొలం పనివారే. విశ్వవిద్యాలయం కొత్త పట్టికను ఎక్కడ మొదలుపెట్టాలనే ప్రశ్నకు దూరం వెళ్ళి వెతకవలసిన పని లేదు. తన సొంత క్షేత్రంలో, తన సొంత ప్రయోగంలో, తన సొంత కూలీల పేరుతో మొదటి వరుస నింపవచ్చు. వచ్చే ఖరీఫ్ ప్రయోగాల ప్రణాళికలు సిద్ధమయ్యే వేళ ఆ ఒక్క గడిని గీయడానికి ఎవరి అనుమతీ, ఏ నిధులూ అవసరం లేదు.